ఐదో నడక

పడమటి సముద్రం మధ్య పన్నెండు నగరాల దేశం ఒకటి ఉండేది. పన్నెండు నగరాలకూ పన్నెండు చట్టాలు, పన్నెండు రకాల పొగరు. ఒకటి పాలరాతి మండపాలతో వెన్నెల ముద్దలా మెరిసేది. ఒకటి తెల్లని తెరచాపలతో రెక్కలు విప్పిన కొంగల గుంపులా ఉండేది. ఇంకొకటి ద్రాక్షతోటల నడుమ తేనెపట్టులా కొండకు వేలాడేది. వాటన్నిటినీ గడగడలాడించే ఆయసపురికి మాత్రం ఏ అందమూ లేదు. దానికి కోటగోడ కూడా లేదు. మా మగవాళ్ళే మా గోడ అని ఆ ఊరివాళ్ళు చెప్పుకునేవారు. ఆ గోడ స్నానం చేయదన్న సంగతి మాత్రం చెప్పేవారు కాదు.

తరళ తొమ్మిది రోజులుగా ఆ గోడ వాసన భరిస్తోంది.

ఆమె మత్స్యద్వీపంలో ఓడలు కట్టే వడ్రంగి కూతురు. మూడేళ్ళ కిందట ఆమె తమ్ముడు అర్ణవుడు ఎక్కిన ఓడ ఆయసపురి రాళ్ళకు కొట్టుకుని పగిలింది. ఈదుకుంటూ ఒడ్డు చేరినవాళ్ళంతా ఆ ఊరి సొత్తని అక్కడి చట్టం. అలా సొత్తయినవాళ్ళను మట్టివాళ్ళంటారు. వాళ్ళు దున్నుతారు, కోస్తారు, మోస్తారు. ఎండైనా వానైనా తలమీది కుక్కతోలు టోపీ తీయకూడదు. ఆ ఊరి మగవాళ్ళు యుద్ధం తప్ప మరో పని ముట్టుకోరు. తమ్ముణ్ణి విడిపించుకుపోవటానికి తరళ మగవేషం వేసుకుని, ఉత్తరపు కొండల నుంచి వచ్చిన తాళధ్వజుడనే యోధుణ్ణని చెప్పుకుని ఆ ఊళ్ళో అడుగుపెట్టింది. మగవాళ్ళు నడుము దాకా జుట్టు పెంచి దువ్వుకునే ఊరు కావటం ఆమెకు కలిసొచ్చింది. కలిసిరానిది కంచుకుక్క.

యోధులు పంక్తుల వారీగా కూర్చుని తినే పంక్తిశాల గడప పక్కన ఆ కుక్క కాపలా ఉంటుంది. దాన్ని పోతపోసినవాడు కృష్ణజిహ్వుడనే మాంత్రికుడు. గొర్రెను కోసి, వేడి తగ్గని కార్జాన్ని అరచేతిలో పెట్టుకుని అందులో దేవతల మాట చదవటం అతని వృత్తి. అతని గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన నెత్తురు ఉండేది. పంక్తిశాలలో ఆడది అడుగుపెడితే మరణమే శిక్ష. గడప లోపల ఆడగాలి సోకిందంటే కంచుకుక్క కళ్ళు ఎర్రబడతాయి, లేచి పీక పట్టుకుంటుంది. దాన్ని ఏమార్చటానికి తరళ తొమ్మిది రోజులుగా ఒంటికి మురిగిన పందికొవ్వు రాసుకుంటోంది. మొదటిరోజు రెండుసార్లు వాంతి చేసుకుంది. తొమ్మిదో రోజుకు ఆ కంపు తెలియకుండా పోయింది. తెలియకుండా పోయిందని గమనించినప్పుడు ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

ఆమె నడుముకు కట్టిన సంచిలో ఉప్పుగుహల అవ్వ ఇచ్చిన మూగశంఖం ఉంది. మూతికున్న మైనం తీసి పట్టుకుంటే అది దగ్గరలోని మోతను ఒక గుక్క తాగి దాచుకుంటుంది. మైనం మళ్ళీ తీస్తే దాచుకున్నదంతా కక్కేస్తుంది. మూడు గుక్కలకు మించి తాగదని అవ్వ ముందే చెప్పింది. సముద్రపు దొంగలను బెదరగొట్టటానికి ఒకటి, గుహలోని సింహాన్ని తరమటానికి ఒకటి, దారిలోనే రెండూ ఖర్చయిపోయాయి. మిగిలింది ఒక్కటే.

ఆ రోజు పొద్దెక్కేసరికి ఊరి బయట మైదానం జనంతో నిండిపోయింది. ఆయసపురికి ఇద్దరు రాజులు. ఒకరి ముఖం ఒకరికి పడదు. అందుకని వాళ్ళ సింహాసనాలు వీపులు ఆనేటట్టు వేస్తారు. వాళ్ళ పేరు మీద ఊరిని నడిపేది పదిహేడుమంది పెద్దలు. వారిలో ఒకరు ఈ మధ్యనే చనిపోయారు. మిగిలిన పదహారుమందిలో ఒకాయన లేచి చాటింపు వేశాడు.

“యుద్ధంలో మా ప్రాణం కాపాడిన మట్టివాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండి. ఈ క్షణం నుంచి మీరు స్వతంత్రులు. మీ మెడలో దండ వేసి గుడులన్నీ తిప్పి మర్యాద చేస్తాం.”

ఒక్కొక్కరే నలభైమంది వచ్చారు. చివరి వరసలో వచ్చినవాణ్ణి తరళ చూడగానే పోల్చుకుంది. భుజాలు వెడల్పయ్యాయి, చెంపలు లోపలికి పోయాయి, కాని నడకలో ఆ ఎడమకాలి తూగు అలాగే ఉంది. అర్ణవుడు. మెడలో కానుగాకుల దండ పడగానే అతను నవ్వాడు. ఇక తాను చేయాల్సిందేమీ లేదేమో, వాళ్ళే వదిలేస్తున్నారు కదా అనుకుంది తరళ. తొమ్మిది రోజుల్లో ఆమె ఆ ఊరిని గురించి ఒక మంచిమాట అనుకోవటం అదే మొదలు, అదే ఆఖరు.

తర్వాత పాఠం మొదలైంది. తాగుడు ఎంత నీచమో కుర్రయోధులకు చూపించటానికి ఏడాదికోసారి ఒక మట్టివాణ్ణి పట్టుకుని నీళ్ళు కలపని ద్రాక్షసారా గొంతులో పోస్తారు. ఈసారి తుంగడనే ముసలివాడు దొరికాడు. ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకోగా ఒకడు తోలుసంచి మొత్తం నోట్లో ఖాళీ చేశాడు. ముసలివాడి ముక్కులోంచి ఎర్రగా కారింది. ఆడమన్నారు, ఆడాడు. పాడమన్నారు, ఏదో గొణిగాడు. మూడో గంతుకు కాళ్ళు మెలిపడి, తాను కక్కుకున్నదాంట్లోనే ముఖం పెట్టి పడిపోయాడు. మైదానమంతా ఒక్క గొంతై అరిచింది. పక్షులు లేచిపోయాయి. పాఠం నేర్చుకోవాల్సిన కుర్రాళ్ళ నోళ్ళలోనూ సారా వాసనే వస్తోందని తరళ గమనించింది.

ఇంత పెద్ద మోత ఈ ఊళ్ళో మళ్ళీ దొరకదని ఆమెకు తోచింది. ఎప్పుడో, ఎక్కడో, పారిపోయేటప్పుడు పనికిరావచ్చు. అరుపు ఆగకముందే సంచిలో చెయ్యిపెట్టి శంఖం మైనం గోటితో తీసింది. శంఖం చల్లగా ఒక్కసారి వణికి, కడుపు నిండినట్టు బరువెక్కింది. మళ్ళీ మైనం అదిమేసింది.

ముసలివాడు ఇంకా బోర్లానే ఉన్నాడు. ఊపిరి ఆడటం లేదు. తరళ నవ్వుతున్నట్టు పళ్ళు బయటపెట్టి, దగ్గరికి వెళ్ళి కాలితో ఒక తన్ను తన్నినట్టు తన్ని అతన్ని పక్కకు దొర్లించింది. జనం ఇంకా నవ్వారు. తుంగడు దగ్గి, గాలి పీల్చుకుని, ఒక కన్ను తెరిచి ఆమెను చూశాడు. తన్నుకూ తన్నుకూ తేడా ఏమిటో జీవితమంతా తిన్నవాడికి తెలుస్తుంది.

మధ్యాహ్నం పంక్తిశాలలో ఆమెకు పరీక్ష పెట్టారు. గడప దగ్గర కంచుకుక్క ముక్కు ఒక్కసారి అదిరి ఊరుకుంది. లోపల చీకటి, పొగ, చెమట. పొడుగు బల్లల మీద ఒక పంక్తివాళ్ళు, పదిహేనుమంది. ఆ పంక్తికి నాయకుడు గండశిలుడు. మనిషి పేరుకు తగ్గట్టే బండరాయి. కుడితొడ మీద పాత బల్లెపు గాయం గుంటపడి ఉంది.

“రావోయ్ కొండకుర్రాడా, కూర్చో,” అన్నాడు. “మా ఇంటి విందు ఇదే. ముందు కళ్ళు మూసుకో. తర్వాత ముక్కు మూసుకో. నోరు మాత్రం తెరువు.”

మట్టిగిన్నెలో నల్లటి జావ పోశారు. పందినెత్తురులో ఉప్పూ పుల్లబడిన ద్రాక్షరసమూ పోసి కాచింది. పైన మీగడలా ఏదో తెట్టు కట్టింది. దాంట్లో రెండు పందివెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తరళ గిన్నె పెదవులకు ఆనించి, తాగినట్టు గొంతు కదిపి, ఒడిలో పెట్టుకున్న రొట్టెకు జావను పీల్పించింది.

“నోట్లో నిలపకు. గబగబా మింగెయ్,” అన్నాడు గండశిలుడు మూతి మోచేతికి తుడుచుకుంటూ. “నిలిపితే రుచి తెలుస్తుంది.”

పంక్తిలోకి కొత్తవాణ్ణి తీసుకోవాలంటే అందరూ ఒప్పుకోవాలి. అక్కడి తీరు ఇది. ఒక్కొక్కరు తమ జిడ్డుచేతులు తుడుచుకున్న రొట్టెముద్దను, మట్టివాడొకడు నెత్తిన మోసుకొచ్చే గిన్నెలో, చూడకుండా వేయాలి. ముద్ద గుండ్రంగా ఉంటే సరేనన్నట్టు. పిసికి చదును చేస్తే కాదన్నట్టు. పదిహేనింట్లో ఒక్కటి చదునుగా ఉన్నా కొత్తవాడు పొద్దుగుంకేలోగా ఊరు దాటాలి.

ఆ రోజు గిన్నె తుంగడి నెత్తిన పెట్టారు. సారా మత్తు దిగకుండానే అతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. జిడ్డు ముద్దలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే తరళ ముద్దలను కాదు, బొటనవేళ్ళను చూసింది. పధ్నాలుగు వేళ్ళు కదల్లేదు. చివరి బల్ల మీది పిల్లికళ్ళవాడు మాత్రం ఆమె వైపు చూసి నవ్వి, ముద్దను అరచేతిలో అప్పడంలా నలిపి వేశాడు.

తుంగడు గిన్నె దించటానికి గోడవైపు తిరిగాడు. తూలినట్టు వంగాడు. లేచినప్పుడు అతని వేళ్ళకు పిండి అంటుకుని ఉంది. గండశిలుడు గిన్నెలో చెయ్యిపెట్టి పదిహేను ముద్దలూ బల్లమీద దొర్లించాడు. పదిహేనూ గుండ్రంగానే దొర్లాయి. పిల్లికళ్ళవాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఎవరు ఏ ముద్ద వేశారో చెప్పుకోవటం కూడా అక్కడ నేరమే.

“ఇక నువ్వు మావాడివి,” అని గండశిలుడు ఆమె వీపు మీద చరిచాడు. “కొత్తవాడికి మొదటి కొలువు తెలుసుగా. సాయంత్రం దండలవాళ్ళకు కాపలా. సభ మైదానం తూర్పు వాకిలి దగ్గర ఉంచు. ఎన్నిక అయ్యాక ఎద్దులలోయకు తోలుకుపోదాం.”

“లోయకెందుకు? వాళ్ళను వదిలేశారు కదా.”

బల్లల మీద నవ్వులు లేచాయి. గండశిలుడు నవ్వలేదు. చేపకు ఈత నేర్పుతున్నంత ఓపికగా చెప్పాడు.

“చూడు కుర్రాడా. మనం వెయ్యిమందిమి. మట్టివాళ్ళు పదివేలు. వాళ్ళలో ధైర్యం ఉన్నవాళ్ళెవరో మనకెలా తెలియాలి? అడిగితే చెబుతారా? దండ వేస్తామంటే వాళ్ళంతట వాళ్ళే వచ్చి వరసలో నిలబడతారు. ఏడాదికోసారి పెద్దలు మట్టివాళ్ళ మీద యుద్ధం ప్రకటిస్తారు. యుద్ధంలో చంపితే పాపం అంటదు. పదిహేడు బొటనవేళ్ళూ నెత్తుట్లో ముంచి తోలు మీద అద్దాలి. ఒక్కటి తక్కువైనా చెల్లదు. అందుకే ఇవాళ పదిహేడో పెద్దను ఎన్నుకుంటున్నాం. వేళ్ళు పడగానే మనం లోయలో పని మొదలెడతాం.” ఆయన గిన్నె అడుగు నాలుకతో గీకాడు. “నన్ను యుద్ధభూమి నుంచి మూడుకోసులు వీపున మోసినవాడు కూడా ఉన్నాడు వాళ్ళలో. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. మంచి భుజాలు.”

తరళ ఆ గాయపు గుంట వైపు చూసింది. ఆ మనిషి వెచ్చటి నెత్తురు తన తమ్ముడి వీపు మీద కారిన మూడుకోసుల దారి ఆమెకు కనిపించింది. ఒడిలోని రొట్టె తడి బట్టల్లోంచి తొడకు అంటుకుంది. దాన్ని బల్ల కిందికి జార్చేసింది. బల్లెం అందుకుని లేచింది.

సభ మైదానం తూర్పు వాకిలి దగ్గర ఆ సాయంత్రం నలభైమందీ దండలతో నిలబడి ఉన్నారు. పెద్ద కొలువుకు పోటీ చేసే అయిదుగురు కూడా అదే వాకిలి దగ్గర ఉన్నారు. ఆయసపురిలో పెద్దను ఎన్నుకునే పద్ధతి ప్రపంచంలో మరెక్కడా లేదు. పోటీదారులు చీట్లు తీసి, వచ్చిన వరసలో ఒక్కొక్కరుగా, మెడలో కానుగాకుల దండతో, చెప్పుల్లేకుండా, తల దించుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. నోరు విప్పరు. జనం తమకు నచ్చినవాడు నడిచినప్పుడు గట్టిగా అరుస్తారు. మైదానం పక్కనే కిటికీలు లేని రాతిగదిలో ముగ్గురు న్యాయకర్తలు కూర్చుని ఉంటారు. నడిచేదెవరో వాళ్ళకు కనిపించదు, చీట్ల వరస కూడా తెలియదు. ఏ నడకకు ఎంత అరుపు వచ్చిందో చెవులతో కొలుస్తారు. అన్నిటికంటే పెద్ద అరుపు వచ్చిన నడకదే పదవి. కళ్ళకు లంచం పెట్టవచ్చు గాని చెవులకు పెట్టలేమని వాళ్ళ గర్వం. వాకిలిలోని చెక్కపలక మీద అడుగు పడగానే గంట కొట్టేవాడు కూడా గోడవైపు తిరిగే నిలబడాలి. నడిచేవాడి ముఖం అతను చూడకూడదు.

పోటీలో కృష్ణజిహ్వుడు కూడా ఉన్నాడు. చీటీలో అతనికి చివరి వంతు వచ్చింది. ఆ వరస వస్తుందని ఉదయమే కార్జంలో చదివానని అందరికీ చెప్పుకుంటున్నాడు.

మొదటి గంట మోగింది. ఒక ముసలి యోధుడు నడిచాడు. ఓ మాదిరి అరుపు. రెండో గంట, మూడో గంట. తరళ బల్లెం పట్టుకుని వరస వెంట నడుస్తున్నట్టు నడిచి అర్ణవుడి వెనక ఆగింది. అతని మెడలోని దండ, ఇప్పుడే మైదానంలోకి వెళ్ళిన నాలుగోవాడి మెడలోని దండ ఒక్క చెట్టువే. రెండూ ఒకేలా వాడిపోయి ఉన్నాయి. అది చూడగానే ఏం చేయాలో ఆమెకు తెలిసిపోయింది.

“వెనక్కి తిరక్కురా,” అంది మెల్లగా, తమ ద్వీపపు యాసలో. “పడవ కింద దూరి అమ్మ చీర చింపినోడివి నువ్వేగా.”

అర్ణవుడి భుజాలు బిగిసిపోయాయి. తల తిప్పలేదు. “అక్కా,” అన్నాడు పెదవుల్లోనే. “నువ్వెందుకొచ్చావే? మమ్మల్ని వదిలేస్తున్నారు.”

“చంపటానికి తీసుకెళ్తున్నారు. అడక్కు. నే తొయ్యగానే ఆ పలక మీద కాలెయ్యి. తల దించుకుని అవతలి గట్టు దాకా నడువు. పరిగెత్తావో, చచ్చాంరా ఇద్దరం.”

నాలుగోవాడు అవతలి చివర చేరాడు. కృష్ణజిహ్వుడు దండ సవరించుకుని, గొంతు సవరించుకుని, జనం తనను చూడటం కోసం ఒక్క క్షణం ఎక్కువగా ఆగాడు. ఆ ఒక్క క్షణంలో తరళ బల్లెపు మొదలుతో తమ్ముడి నడుము మీద పొడిచింది. అతను పలక మీద అడుగువేశాడు.

గోడవైపు తిరిగి ఉన్నవాడు గంట కొట్టాడు.

మైదానం నోరు పడిపోయింది. కుక్కతోలు టోపీ పెట్టుకున్న మట్టివాడొకడు, మెడలో దండతో, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, పెద్దలు నడిచే దారిలో నడుస్తున్నాడు. అతను సగం దూరం వెళ్ళేలోగా వెయ్యిమందికి కోపం వస్తుంది. వచ్చేలోగా తరళ సంచిలో చెయ్యిపెట్టి శంఖం మైనం లాగేసింది.

ఉదయం ఆ మైదానం అరిచిన అరుపు మళ్ళీ లేచింది. తుంగడు కక్కులో పడినప్పటి అరుపు, వెయ్యి గొంతుల కేక, దాని నడుమ ఎగతాళి నవ్వులు, ఈలలు. గాలి అదిరింది. వెనకవాళ్ళు ముందువాళ్ళు అరిచారనుకున్నారు. ముందువాళ్ళు వెనకవాళ్ళనుకున్నారు. ఎవరి నోరూ తెరిచి లేదని ఎవరూ చూసుకోలేదు. పక్కవాడు ఎందుకు అరిచాడోనని ఒకరి ముఖాలొకరు చూసుకునేసరికి అర్ణవుడు అవతలి గట్టు చేరిపోయాడు. శంఖం తరళ చేతిలో రెండు ముక్కలైంది.

తర్వాత కృష్ణజిహ్వుడు నడిచాడు. అతని మనుషులు గొంతులు చించుకున్నారు. ఆ అరుపు శంఖం కక్కినదాని ముందు దోమరొదలా ఉంది.

రాతిగది తలుపు తెరుచుకుంది. ముగ్గురు న్యాయకర్తలూ ఎండకు కళ్ళు చికిలించుకుంటూ వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు కర్ర నేలకు తాటించాడు.

“ఐదో నడక. మా ముగ్గురి మాటా ఒకటే. నలభై ఏళ్ళుగా ఈ గదిలో కూర్చుంటున్నా, ఇలాంటి అరుపు వినలేదు. అందులో నవ్వులు కూడా వినిపించాయి. జనానికి ఇంత ఇష్టమైనవాడు ఈ ఊళ్ళో ఇంతకుముందు పుట్టలేదు. ఎవరాయన?”

అందరూ అవతలి గట్టు వైపు తిరిగారు. అక్కడి కుక్కతోలు టోపీని చూసి ముసలాయన కర్ర మీద వాలాడు.

“అది మట్టివాడి నడక,” అన్నాడు కృష్ణజిహ్వుడు. “చెల్లదు.”

“పొద్దున పెద్దలే స్వతంత్రుడని చాటించారు గదా,” అన్నాడు న్యాయకర్త. “అది అబద్ధమని పెద్దలు ఇప్పుడు ఇంతమంది ముందు అంటారా?”

పదహారుమంది పెద్దలు నేల చూపులు చూశారు. అబద్ధమంటే వచ్చే ఏడాది ఒక్క మట్టివాడు కూడా దండ కోసం ముందుకు రాడు.

“వాడికి మీసం కూడా సరిగా రాలేదు.”

“చెవికి మీసం కనిపించదు.”

“ఇందులో ఏదో మంత్రం ఉంది.”

“ఉండొచ్చు,” అన్నాడు ముసలాయన నిదానంగా. “ఈ ఊళ్ళో మంత్రం వచ్చినవాడివి నువ్వొక్కడివే. పోటీలో ఉన్నవాడివీ నువ్వే. ఇంకా చెప్పు, వింటాం.”

పెద్దలు గబగబా ఒకరి చెవులు ఒకరు కొరుక్కున్నారు. చెవులు తప్పు వింటాయని ఒప్పుకుంటే, అవే చెవులు ఎన్నిక చేసిన తమ పదహారు కొలువులూ గాలిలో కలుస్తాయి. దానికంటే ఒక మట్టివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవటమే నయం. “చెవుల మాటే చట్టం,” అన్నారు పదహారుమందీ, వేపాకు నమిలిన ముఖాలతో. ఆ ముఖాలు చూసి తరళకు నవ్వు రావాలి. రాలేదు. వాళ్ళకు న్యాయం కూడా ఒక కుర్చీయే అనిపించింది, కిందనుంచి లాగేస్తారేమోనన్న భయంతో రెండు చేతులా పట్టుకునే కుర్చీ.

నెత్తుటిగిన్నె, తోలు తెచ్చారు. అర్ణవుడు బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. “నేను అద్దను,” అన్నాడు. లోయ ఆ ఏటికి నోరు మూసుకున్నట్టే. దండలవాళ్ళలో ఎవరో వెక్కి వెక్కి ఏడవటం వినిపించింది.

కృష్ణజిహ్వుడు మాత్రం అప్పటికే నవ్వుతున్నాడు.

“చట్టమంటే చట్టమే. అయితే అంతా జరగాలి,” అన్నాడు. “కొత్త పెద్దకు పంక్తిలో రెండు గిన్నెలు పోస్తాం. ఒకటి తాను తాగాలి. రెండోది పొద్దుగుంకేలోగా పంక్తిశాల గడప దగ్గర తన ఇంటి ఆడమనిషికి ఇవ్వాలి. ఆమె గిన్నె అడుగు చూపేదాకా అక్కడ ఎవరూ కాలు కదపకూడదు. ఇల్లాలో, తల్లో, తోబుట్టువో. ఇల్లులేనివాడు పెద్ద కాడు. పెద్ద కానివాడు మళ్ళీ దండలవాడే. అప్పుడు పదవి ఆరో నడకది, అంటే నాది.”

పశ్చిమాన సూర్యుడు కొండకు రెండు బెత్తెల ఎత్తులో ఉన్నాడు. పంక్తిశాల గడప బయట ఊరి ఆడవాళ్ళు బారులు తీరారు. లోపల యోధులు, వాళ్ళ మధ్య తరళ. అర్ణవుడు మొదటి గిన్నె గటగటా తాగేశాడు. మూడేళ్ళుగా అంతకంటే హీనమైనవి తిన్న నాలుక అతనిది. రెండో గిన్నె రెండు చేతులా పట్టుకుని గడప మీద నిలబడ్డాడు.

“ఎవరయ్యా నీ మనిషి?” అన్నాడు న్యాయకర్త.

అర్ణవుడు ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. ఒక్కచోటికి మాత్రం చూడలేదు. తన వెనక, బల్లెం పట్టుకుని నిలబడిన కొత్త యోధుడి వైపు.

“నాకెవరూ లేరు,” అన్నాడు.

కృష్ణజిహ్వుడు అరచేతులు రుద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లోని ఎండునెత్తురు పొడిగా రాలింది. “దండ తీయకండి. అలాగే నడిపించండి లోయకు.”

తరళ బల్లేన్ని గోడకు ఆనించింది. గడప పక్కన చేతులు కడుక్కునే నీళ్ళ బాన ఉంది. ముంత ముంచి ముఖం మీద గుమ్మరించుకుంది. మెడ కడుక్కుంది, చేతులు మోచేతుల దాకా తోముకుంది. తొమ్మిదిరోజుల జిడ్డు పసుపుపచ్చ తెట్టులా రాతి మీద పారింది. ఆ కంపుకు పంక్తివాళ్ళే ముక్కులు మూసుకున్నారు. ఆమె గడప దాటి బయటివైపు నిలబడి చెయ్యి చాచింది.

“ఇటివ్వరా తమ్ముడూ. చల్లారిపోతోంది.”

“ఇదేం నాటకం?” అన్నాడు కృష్ణజిహ్వుడు. “వీడు మగవాడు. మధ్యాహ్నం మన పంక్తిలో కూర్చుని తిన్నవాడు. పదిహేను ముద్దలు పడ్డవాడు.”

“నేను చెబితే నమ్మవు,” అంది తరళ తన సొంత గొంతుతో. “నీ కుక్కనడుగు.”

కంచుకుక్క అప్పటికే కళ్ళు తెరిచింది. ముందు బూడిదకింద నిప్పులా, తర్వాత కొలిమిలా ఎర్రబడ్డాయి. కంచు కీళ్ళు కిర్రుమంటూ అది లేచి నిలబడింది. అది పుట్టిన ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పొరబడలేదని ఊరంతటికీ కృష్ణజిహ్వుడే చాటుకున్నాడు.

న్యాయకర్త ముందుకు వచ్చి తరళ మణికట్టు పట్టి చూశాడు. జిడ్డు పోయిన చోట చేప ఆకారంలో పచ్చబొట్టు. అర్ణవుడి మణికట్టు మీదా అదే చేప, అదే తోక వంపు.

“ఆడమనిషే,” అన్నాడు. “తోబుట్టువే. పదవి ఖాయం. ఇక దాన్ని ఎవరూ తీయలేరు.” తర్వాత గొంతు తగ్గించాడు. “కాని అమ్మాయీ, పంక్తిశాలలో కూర్చున్న ఆడదానికి శిక్ష ఏమిటో నీకు తెలుసా?”

“తెలుసు.”

“గిన్నె అడుగు చూపేదాకా ఎవరూ కదలరు. అదీ చట్టమే. చూపాక నేనేమీ చేయలేను.”

అర్ణవుడు గిన్నెను వెనక్కి లాక్కున్నాడు. “అక్కా, ఎందుకే,” అన్నాడు. ఆమె అతని చేతుల్లోంచి గిన్నె అందుకుంది. నల్లటి జావ మీద తెట్టు ముడతలు పడి ఉంది. పదిహేను బల్లేలు ఆమె వైపు వంగాయి. కృష్ణజిహ్వుడు గిన్నె ఖాళీ అయ్యేదాకా కుక్కను మెడ పట్టి ఆపి నిలబడ్డాడు.

ఆమె తాగింది. ఈసారి నిజంగానే తాగింది. ఇనుము, ఉప్పు, పులుపు, నాలుకకు తగిలిన వెంట్రుక. కడుపు తిరగబడి పైకి తన్నింది. పళ్ళు బిగించి కిందికి దించి, గాలి పీల్చుకుని, ఇంకో చుక్కంత గుక్క తీసుకుంది. గిన్నె అంచు మీదుగా ఆమె కళ్ళు అటూ ఇటూ వెదుకుతున్నాయి. ఆడవాళ్ళ బారు వెనక ఏటివైపు పల్లం ఉంది, దాని అంచున దండలవాళ్ళు నిలబడి ఉన్నారు. దండలవాళ్ళ కాపలా అంతా గడప దగ్గరికి వచ్చేసింది. కాలు కదపకూడదన్న మాట మట్టివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ముసలి తుంగడు, మత్తు దిగనివాడిలా తూలుతూ, ఆ ముప్పైతొమ్మిదిమంది మధ్యకు నడిచి వెళ్ళి ఒకడి చెవిలో ఏదో చెప్పి పల్లం వైపు చెయ్యి చూపుతున్నాడు.

“నెమ్మదిగా తాగు,” అన్నాడు ఎవరో.

గండశిలుడు. బల్లెం ఆమె గుండెకు గురిపెట్టే ఉంది, చూపు మాత్రం నేల మీద ఉంది. తొడ మీది గుంటను అరచేత్తో కప్పుకుని ఉన్నాడు.

“అడుగున ఎముకముక్కలుంటాయి,” అన్నాడు. “చూసుకుని తాగు.”

పొద్దు కొండను తాకింది. కుక్క గోళ్ళు రాతిని గీరుతున్నాయి. తరళ గిన్నె కొంచెం వంచి లోపలికి చూసుకుంది. ఇంకా రెండు గుక్కలు మిగిలున్నాయి.